నాలుగు తగిలి ఒకటి తప్పిన వారాలు

తన పేరు, ఉండే రాష్ట్రం రాయవద్దని కోరిన ఒక పాఠకుడు సుదీర్ఘమైన ఉత్తరంతో పాటు, పందేల లెక్క రాసుకున్న పట్టికను కూడా జతచేసి పంపారు. ఆయనకు ముప్పై ఆరేళ్లు. అమెరికాలో ఉద్యోగం. పెళ్లయి తొమ్మిదేళ్లయింది, ఒక పాప ఉంది. గడిచిన ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) సీజన్ మొదటి వారంలో ఆయనా, ఆయన బావమరిదీ చెరి వంద డాలర్లు వేసుకుని, వారానికి 200 డాలర్లతో ఐదు ఆటల పార్లే, అంటే ఐదు ఆటలనూ ఒకే పందెంగా కలిపినది, ఒకటి కాయాలని నిర్ణయించుకున్నారు. పద్ధెనిమిది వారాలు కాశారు, ఒక్కటీ తగల్లేదు, మొత్తం 3,600 డాలర్లు పోయాయి. పదకొండో వారం నుంచి బావమరిదికి చేతిలో డబ్బు ఆడకపోవడంతో అతని వాటా కూడా ఈయనే వేశారు. డబ్బు భార్యాభర్తల ఉమ్మడి ఖాతాలోంచి వెళ్లింది. భార్యకు సంగతి తెలియదు. ఒకసారి ఆమె అడిగితే కారు టైర్లు మార్పించానని చెప్పారట.

ఆయనను ఇంతగా బాధపెడుతున్నది పోయిన మొత్తం కాదని ఉత్తరం చదివితే అర్థమవుతుంది. మూడు వారాల్లో ఐదింట నాలుగు ఆటలు అనుకున్నట్టే గెలిచి ఒక్కటే తప్పింది. వాటిలో పద్నాలుగో వారం గురించి ఒక పేజీ రాశారు. ఆదివారానికి నాలుగూ తగిలాయి, సోమవారం రాత్రి ఐదో ఆట మిగిలింది. వీరు ఎంచుకున్న జట్టు మూడున్నర పాయింట్ల కంటే ఎక్కువ తేడాతో గెలవాలి. ఇంట్లో వాళ్లు లేస్తారని గరాజ్‌లో కారులో కూర్చుని, ఫోన్‌లో శబ్దం తీసేసి చూశారట. జట్టు గెలిచింది, కానీ మూడే పాయింట్ల తేడాతో. ఆట గెలిచి పందెం పోయిన ఆ నిమిషంలోనే బావమరిది ఫోన్ చేసి, "బావా, ఇదే ప్రోగ్రెసివ్ పార్లే అయి ఉంటే ఇప్పుడు మనకు ఆరు వందలు వచ్చేవి" అన్నాడు. ఒకటీ రెండూ ఆటలు తప్పినా కొంత డబ్బు ఇచ్చే పార్లే అది. అప్పటి నుంచి అదే పాట. వచ్చే సీజన్‌కు వేరే సైట్‌లో, వారానికి 400 డాలర్లతో, ఏడు ఆటల ప్రోగ్రెసివ్ కాద్దామని, గెలిచిన డబ్బులోంచి తన బాకీ ముందు తీరుస్తానని అంటున్నాడు. మామూలు పార్లేలోనే ఉండాలా, ప్రోగ్రెసివ్‌కు మారాలా అన్నది పాఠకుడి మొదటి ప్రశ్న. భార్యకు చెప్పాలా వద్దా అన్నది చివరి వాక్యంలో, దాదాపు సిగ్గుపడుతూ, అడిగారు.

మీరు అడిగిన క్రమంలోనే వస్తాను. మొదటి ప్రశ్నకు లెక్క ఉంది కాబట్టి అది తేలిక. అయితే మీ ఇద్దరి మధ్య వాదన అంతా ఆ లెక్క చేయకుండానే జరిగినట్టు కనిపిస్తోంది గనుక కొంచెం ఓపికగా చదవండి.

మామూలు పార్లే అంటే మీకు తెలిసిందే, అన్ని లెగ్‌లూ (కలిపిన ఒక్కో ఆట ఒక్కో లెగ్) గెలిస్తేనే డబ్బు, ఒక్కటి పోయినా మొత్తం పోయినట్టే. మీరు కాసినవన్నీ స్ప్రెడ్ పందేలు, అంటే ఫలితంలోని పాయింట్ల తేడా మీద కాసేవి. వాటి ధర మైనస్ 110, అంటే 110 కాస్తే గెలిచినప్పుడు 100 లాభం వస్తుంది. అటువంటివి ఐదు కలిపితే గెలుపు మీద పందెం సొమ్ముతో సహా సుమారు 25.36 రెట్లు చేతికి వస్తుంది. ఒక్కో ఆట ఫలితాన్ని నాణెం ఎగరవేతగా భావిస్తే ఐదూ గెలిచే అవకాశం 32లో ఒకటి. న్యాయమైన ధర 32 రెట్లు కావాలి, మీకు ఇచ్చేది 25.36. దీర్ఘకాలంలో ప్రతి వంద డాలర్లలో దాదాపు 21 స్పోర్ట్స్‌బుక్ (పందేలు కట్టించుకునే సంస్థ) దగ్గర ఉండిపోతాయని దీని అర్థం. అదే పందెం విడిగా ఒక్క ఆట మీద కాస్తే ఉండిపోయేది నాలుగున్నర డాలర్లు. లెగ్ పెరిగిన కొద్దీ ఆ నాలుగున్నర తన మీద తానే పేరుకుంటూ పోతుంది. నెవాడా గేమింగ్ కంట్రోల్ బోర్డు దశాబ్దాలుగా ప్రకటిస్తున్న లెక్కల్లో కూడా ఇదే కనిపిస్తుంది. అక్కడ క్రీడా పందేలన్నీ కలిపి చూస్తే వందకు ఐదారు డాలర్లు నిర్వాహకులకు మిగులుతుంటే, పార్లే కార్డుల మీద మిగిలేది ముప్పై దరిదాపుల్లో ఉంటుంది. యాప్ తెరవగానే పార్లేలే ముందు ఎందుకు పలకరిస్తాయో మీరే ఊహించగలరు.

ప్రోగ్రెసివ్ పార్లేలో ఒకటీ రెండూ తప్పినా కొంత ఇస్తారు. ఆ వెసులుబాటుకు బదులుగా, అన్నీ గెలిచినప్పుడు ఇచ్చేది బాగా తగ్గిస్తారు. మీరు పంపిన సైట్ పట్టిక ప్రకారం ఐదు ఆటల్లో ఐదూ గెలిస్తే ఒకటికి పదకొండు, నాలుగు గెలిస్తే ఒకటికి రెండు. వాటికి పందెం సొమ్మును కలిపితే పన్నెండు రెట్లు, మూడు రెట్లు. ఐదూ గెలిచే దారి 32లో ఒకటి, సరిగ్గా నాలుగు గెలిచే దారులు 32లో ఐదు. పన్నెండూ, ఐదు మూళ్ల పదిహేనూ కలిపితే ఇరవై ఏడు. అంటే 32 కాస్తే 27 తిరిగి వస్తుంది, వందకు 15 డాలర్ల 60 సెంట్లు పోతాయి. కాబట్టి మీ బావమరిది మాటను తీసిపారేయడానికి వీల్లేదు. ఈ పట్టిక మీద, ఐదు ఆటలకు, ప్రోగ్రెసివ్ మామూలు పార్లే కంటే కొంచెం తక్కువ చెడ్డది. ఎంత తక్కువ అన్నది మాత్రం అతను చెప్పడం లేదు. నిలబెట్టి చూస్తే వందకు ఐదు డాలర్ల తేడా.

ఇంకొక పోలిక మీకు పనికొస్తుంది. అదే ఐదు ఆటలను నాలుగేసి చొప్పున కలిపితే ఐదు చిన్న పార్లేలు అవుతాయి. దీన్నే రౌండ్ రాబిన్ అంటారు. మీ 200 డాలర్లను నలభై చొప్పున ఐదింటి మీద కాస్తే, ఒక ఆట తప్పినప్పుడు ఒక పార్లే మిగులుతుంది. దాని మీద 531 డాలర్లు వస్తాయి. ప్రోగ్రెసివ్‌లో అదే ఫలితానికి 600. ఐదూ గెలిస్తే రౌండ్ రాబిన్‌లో 2,657, ప్రోగ్రెసివ్‌లో 2,400. వీటి పేర్లు వేరైనా బట్ట ఒకటే. ఒక ఆట తప్పినా బతకడానికి ముందుగానే ధర కట్టి కొనుక్కుంటున్నారు, అంతే. ఆ ధర ఎక్కడ తీసుకున్నారో తెలియాలంటే పద్నాలుగో వారంలో ఐదో జట్టు కూడా గెలిచిందని ఊహించుకోండి. మామూలు పార్లే మీద చేతికి 5,072 డాలర్లు, ప్రోగ్రెసివ్ మీద 2,400. ఆ రాత్రి మీ బావమరిది ఫోన్ చేసి ఏమనేవాడో ఆలోచించండి.

ఇక మీ పట్టిక. ఇందులో మీరు చూడకుండా వదిలేసిన విషయం ఒకటుంది. పద్ధెనిమిది వారాల్లో మూడుసార్లు నాలుగు తగలడం మీకు అదృష్టం గుమ్మం దాకా వచ్చి వెనుదిరిగినట్టు అనిపించింది. కానీ ఐదు నాణేలు పద్ధెనిమిది సార్లు ఎగరవేస్తే సరిగ్గా నాలుగు బొమ్మలు పడే సందర్భాలు సగటున 2.8 ఉంటాయి. మీకు మూడు వచ్చాయి. ఐదూ ఒక్కసారి కూడా తగలకపోవడం సంగతి చూసినా, అలా జరిగే అవకాశం 56 శాతం. మీ సీజన్ దురదృష్టకరమైన సీజన్ కాదు, ఈ పందెం ఇలాగే ఉంటుంది. "ఒక్కటే తప్పింది" అన్న బాధ మనసులో ఎంత పెద్దదైనా, మూడు తప్పిన వారానికీ ఆ వారానికీ ముందు ముందు జరగబోయే దానికి సంబంధించి ఏ తేడా లేదు. దగ్గరగా వచ్చినవాడు వచ్చేసారి గెలుస్తాడన్న నియమం విలువిద్యలో ఉంటే ఉండవచ్చు, ఇక్కడ లేదు.

మీరు కాసిన తొంభై లెగ్‌లలో 46 గెలిచాయి, 44 పోయాయి. అంటే 51 శాతం. మైనస్ 110 ధర మీద నష్టం లేకుండా బయటపడాలంటే 52.4 శాతం గెలవాలి, కాబట్టి మీరు ఆ గీతకు కొద్దిగా కింద ఉన్నారు. ఇప్పుడు ఇవే ఎంపికలను, ఒక్కటీ మార్చకుండా, వేరు వేరు పద్ధతుల్లో కాసి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టాను. మామూలు పార్లేలో నష్టం 3,600. ప్రోగ్రెసివ్‌లో మూడు ఆరు వందలు వెనక్కి వచ్చి నష్టం 1,800. ప్రతి ఆట మీద విడిగా నలభై డాలర్లు కాసి ఉంటే 46 గెలుపుల మీద 1,673 లాభం, 44 ఓటముల మీద 1,760 నష్టం, మొత్తం మీద పోయేది 87 డాలర్లు. మీరిద్దరూ ఏడాదంతా 3,600 గొప్పా 1,800 గొప్పా అని వాదించుకున్నారు. 87 డాలర్లు వచ్చే దారి మీ సొంత పట్టికలోనే ఉంది. అందులో గుండె దడ ఉండదు, ఒక్క వారంలో ఐదు వేలు వచ్చే ఆశా ఉండదు. మీరు అసలు డబ్బు కట్టి కొంటున్నది ఆ ఆశనే అయితే దాన్ని వినోదపు ఖర్చుగా లెక్కవేయవచ్చు, కానీ అప్పుడు దాని ధర పెట్టుబడి భాషలో మాట్లాడుకోకూడదు. మీ ఉత్తరంలో "రికవర్" అనే మాట ఏడుసార్లు వచ్చింది.

ఏడు ఆటల ప్రోగ్రెసివ్ ప్రతిపాదన దగ్గర కాస్త ఆగాలి. మీరు పంపిన చిత్రంలో ఏడుకు ఏడు గెలిస్తే ఒకటికి నలభై, ఆరు గెలిస్తే ఒకటికి ఐదు, ఐదు గెలిస్తే సగం అని ఉంది. ఆ "సగం" అన్న మాటను మీ బావమరిది పందెం వెనక్కి వచ్చి పైన సగం లాభంగా చదువుతున్నాడు, అంటే వందకు 150. మీరు సగం పందెం మాత్రమే వెనక్కి ఇస్తారని చదివారు, అంటే వందకు 50. మీ ఇద్దరిలో ఎవరు సరైనవారో ఆ చిత్రాన్ని బట్టి నేను చెప్పలేను, నియమావళిలో ఉదాహరణ ఉంటుంది, అది చూడండి. తేడా చిన్నది కాదు. ఏడింటిలో సరిగ్గా ఐదు గెలిచే దారులు 128లో 21, డబ్బు వచ్చే సందర్భాల్లో అత్యధికం అవే. అతని అర్థం నిజమైతే ఈ పందెం వందకు పదిన్నర డాలర్లు తింటుంది. ఈ తరహా పందేల్లో అది నయమే. మీ అర్థం నిజమైతే 27 తింటుంది. వారానికి 400 చొప్పున సీజన్‌కు 7,200 డాలర్ల మీద సగటు నష్టం మొదటి లెక్కలో 760, రెండో లెక్కలో 1,940. ఎటు చూసినా నాలుగు వారాల్లో మూడు వారాలకు పైగా ఒక్క డాలరూ రాదు.

ఇలాంటి గొయ్యి ఐదు ఆటల పట్టికలో కూడా ఉండవచ్చు. "ఒకటికి పదకొండు" అన్నది లాభమా, పందెంతో కలిపిన మొత్తమా? కాగితపు పార్లే కార్డుల మీద పందెంతో కలిపి రాయడం బాగా అలవాటు. మీ సైట్ కూడా అలాగే రాసి ఉంటే నేను పైన చెప్పిన 15.6 డాలర్ల నష్టం 34కు పైగా పోతుంది. అప్పుడు మీ పాత మామూలు పార్లేనే మేలు. రెండోది పుష్ నియమం. తేడా సరిగ్గా గీత మీద పడి పందెం ఎటూ తేలకపోతే మామూలు పార్లేలో సాధారణంగా ఆ లెగ్ తీసేసి మిగిలినవాటితో ధర కడతారు. కొన్ని కార్డుల మీద పుష్‌ను ఓటమిగా లెక్కిస్తారు. ప్రోగ్రెసివ్‌లో ఐదు కాస్తా నాలుగైతే ఏ పట్టిక వర్తిస్తుందో, ఆ నాలుగింటిలో ఒకటి తప్పినా ఇస్తారో లేదో ముందే తెలుసుకోవాలి. ప్రోగ్రెసివ్ మంచిదా మామూలుది మంచిదా అన్న ప్రశ్నకు పట్టిక చూడకుండా జవాబు చెప్పేవాడి మాట నమ్మకండి, నా మాటతో సహా.

సైట్ సంగతి కూడా మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. 2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల మీద 1992 నాటి సమాఖ్య నిషేధాన్ని కొట్టివేసిన తరువాత పందేలకు అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం రాష్ట్రాల చేతిలోకి వచ్చింది. మీరు ఇన్నాళ్లూ వాడిన యాప్‌కు మీ రాష్ట్ర లైసెన్సు ఉంది. బావమరిది చూపిస్తున్న సైట్ దేశం బయట నుంచి నడుస్తున్నదని, డబ్బు క్రిప్టోలో వేయమంటున్నదని మీరే రాశారు. గెలిచిన డబ్బు ఇవ్వకపోతే మీరు ఫిర్యాదు చేయడానికి అక్కడ ఎవరూ లేరు. లైసెన్సు ఉన్న యాప్‌లో జమ పరిమితి పెట్టుకోవచ్చు, రాష్ట్ర జాబితాలో మీ పేరు మీరే నమోదు చేసుకుని ఆడకుండా కట్టడి వేసుకోవచ్చు. ఈ రెండు తలుపులూ అవతలి సైట్‌లో ఉండవు.

లెక్క ఇక్కడికి అయింది. లెక్కతో తేలే ప్రశ్న అయితే మీరు నాకు ఇంత పెద్ద ఉత్తరం రాసేవారు కారని నా అనుమానం.

మీ ముందు నాకు కనిపిస్తున్న దారులు కొన్ని ఉన్నాయి. మొదటిది, పూర్తిగా మానేయడం. అప్పుడు 3,600 పోయినట్టే ఒప్పుకోవాలి, దాన్ని వెనక్కి తెచ్చే పని ఎవరిమీదా ఉండదు. ఇది వినడానికి తేలికగా ఉన్నా మొదటి రెండు ఆదివారాలు కష్టంగా గడుస్తాయి, ముఖ్యంగా బావమరిది ఒంటరిగా కాసి ఏదైనా గెలిస్తే. రెండోది, ఆటలు చూడటంలో ఆ కాస్త ఉత్సాహం మీకు నిజంగా విలువైనదైతే, విడివిడి పందేలు, వారానికి పోయినా పట్టించుకోని మొత్తం, యాప్‌లోనే పెట్టుకున్న పరిమితి. ఇది చప్పగా ఉంటుంది. కొన్నాళ్లకు మళ్లీ పార్లే వైపు చెయ్యి వెళ్తుందేమో మీకే తెలియాలి. మూడోది, ఇరవై డాలర్ల ఐదాటల ప్రోగ్రెసివ్, లైసెన్సు ఉన్న చోట దొరికితే, నియమావళి చదివాక. సీజన్‌కు 360 డాలర్లు కాస్తారు, సగటున 56 పోతాయి, దాదాపు ఐదు వారాలకొకసారి ఏదో ఒకటి వస్తుంది. ఆ తరచు రావడంలోనే ఒక చిక్కుంది. ఏమీ రాని మామూలు పార్లే మనిషిని విసిగించి మానిపిస్తుంది. అప్పుడప్పుడూ అరవై డాలర్లు చేతిలో పెట్టే పందెం మానడానికి కారణం ఇవ్వదు. నష్టం నెమ్మదిగా, గెలుపుల మధ్యలో జరుగుతుంది. మీలాగా పట్టిక రాసుకునే మనిషికి అది కనిపిస్తుంది, మీ బావమరిదికి కనిపిస్తుందని నాకు నమ్మకం లేదు.

నాలుగోది అతని ప్రతిపాదన. దాన్ని కూడా ఒక దారిగానే చెప్పాలని మొదట అనుకున్నాను. కానీ పోయినదాన్ని రాబట్టడానికి పందెం రెట్టింపు చేయడం, ఇంట్లో తెలియకుండా చేయడం, అప్పు తీర్చడానికి గెలుపు మీద ఆధారపడటం ఈ మూడూ ఒకేచోట కలిసిన ప్రతిపాదనను సమానంగా పక్కన నిలబెట్టడం నాకు చేతకాలేదు. 2013లో వచ్చిన డీఎస్‌ఎం-5లో (మానసిక రుగ్మతల నిర్ధారణకు అమెరికాలో వాడే గ్రంథం) జూద వ్యసనానికి తొమ్మిది లక్షణాలు చెప్పారు. ఏడాది కాలంలో నాలుగు కనిపిస్తే వ్యసనంగా పరిగణిస్తారు. ఎంత పోగొట్టుకున్నదీ దాచడానికి అబద్ధం చెప్పడం, పోయినదాన్ని రాబట్టుకోవడానికి మళ్లీ వెళ్లడం ఆ తొమ్మిదిలో ఉన్నాయి. నేను వైద్యురాలిని కాను, మీకు వ్యసనం ఉందని అనడం లేదు. మిగిలిన ఏడు మీరే ఒకసారి చదువుకోండి. మాట్లాడాలనిపిస్తే జూదం సమస్యల సహాయ నంబరు 1-800-426-2537కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు. మీ బావమరిదికి కూడా ఆ నంబరు ఇవ్వవచ్చు, కానీ మీరు వాడిన తరువాత ఇస్తే దానికి విలువ ఉంటుంది.

మీ ఆవిడకు చెప్పే విషయం. చెప్పకపోవడమూ ఒక దారే, చాలామంది అదే ఎంచుకుంటారు. 2,600 డాలర్లు మీ చేతిలోంచి పోయాయి, మీ సంపాదనకు అది ఇల్లు కూలే మొత్తం కాదని మీరే అన్నారు. మానేసి, మౌనంగా కొన్ని నెలల్లో ఖాతా నింపేస్తే ఆమెకు ఎప్పటికీ తెలియకపోవచ్చు. కానీ ఈ రహస్యం మీ ఒక్కరిది కాదు, ఆమె తమ్ముడి దగ్గర సగం ఉంది. అతను ఏ పండుగనాడో, ఏ మాట పట్టింపులోనో బయటపెడితే ఆమెకు ముందుగా తగిలేది పందెం కాదు, తన తమ్ముడికి తెలిసిన సంగతి తనకు తెలియకపోవడం. దానికి తోడు గెలిచినా దాచలేరు. పందెంలో వచ్చినది ఆదాయం, మీరిద్దరూ ఉమ్మడిగా పన్ను దాఖలు చేస్తున్నారు కాబట్టి ఆ కాగితం మీద ఆమె సంతకం ఉంటుంది. పోయినదాన్ని మినహాయించుకోవడం ఐటమైజ్ చేసేవారికే, అంటే మినహాయింపులను విడివిడిగా చూపించేవారికే, సాధ్యం, అదీ గెలిచిన మొత్తం మించకుండా. 2026 నుంచి పోయినదానిలో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. అంటే గెలుపూ ఓటమీ సమానమైన ఏడాదిలో కూడా పన్ను పడవచ్చు. బావమరిది లెక్కల్లో ఈ వరుస ఎక్కడా లేదు.

చెప్పదలుచుకుంటే ఎప్పుడు చెబుతారన్నది ముఖ్యం. మానేశాక చెబితే అది జరిగిపోయిన తప్పు. మళ్లీ మొదలుపెట్టాక తెలిస్తే జరుగుతున్న మోసం. సీజన్ మొదలు కావడానికి ఇంకా వ్యవధి ఉంది. చెప్పేటప్పుడు మొత్తాన్ని తగ్గించకండి, టైర్ల మాట కూడా మీరే ఎత్తండి, ఎందుకంటే ఆమెకు అది గుర్తుండే ఉంటుంది. ఈ పట్టికను ముందు పెట్టి ప్రోగ్రెసివ్‌కూ మామూలు దానికీ తేడా వివరించడం మొదలుపెట్టకండి, ఆమె అడిగే ప్రశ్న అది కాబోదు. కోపం వస్తుంది, కొన్ని రోజులు ఖాతా వివరాలు తన చేతిలో పెట్టుకుంటానని అనవచ్చు. దాన్ని శిక్షగా తీసుకోకపోతే మీకే కొంత ఊపిరి ఆడుతుంది. తమ్ముడి సంగతి అతని నోట రావడం న్యాయం కాబట్టి, ఫలానా రోజు నేను చెప్పబోతున్నాను, ఈలోగా నీ భాగం నువ్వు చెప్పుకో అని అతనికి ముందే తెలియజేయండి. అతను బతిమాలతాడు. రోజు మార్చకండి.

మిగిలింది ఆ ఎనిమిది వందలు. ఎనిమిది వారాలు అతని వంద మీరు వేశారు. అది అప్పా, మీ ఇష్టంతో పెట్టిన ఖర్చా అని అడిగారు. పద్నాలుగో వారం పార్లే తగిలి ఉంటే 5,072లో సగం అతనికి ఇచ్చేవారా అని మీరే మీ ఉత్తరంలో వేసుకున్న ప్రశ్నకు, "తప్పకుండా ఇచ్చేవాణ్ణి" అని మీరే రాశారు. ఆ వారం అతను ఒక్క డాలరూ వేయలేదు. గెలుపులో సగం అతనిదైతే ఓటమిలోనూ సగం అతనిదే, కాబట్టి అది అప్పే. నెలకు యాభయ్యో వందో జీతంలోంచి ఇమ్మని అడగవచ్చు. అక్కగారింట్లో కొన్ని ఆదివారాలు ముఖం చాటేస్తాడు, తరువాత సర్దుకుంటుంది. లేదా, వద్దనగలిగి కూడా ఆ ఎనిమిది వారాలూ మీరే వేశారు కాబట్టి వదిలేసుకోవచ్చు. అప్పుడు వదిలేశానని స్పష్టంగా చెప్పి వదిలేయండి, మనసులో లెక్క ఉంచుకోకండి. రెంటిలో ఏదైనా సరే, వచ్చే సీజన్ గెలుపులోంచి తీరుస్తానన్న మాటకు మాత్రం తల ఊపకండి. ఆ బాకీ బతికి ఉన్నంతకాలం ప్రతి ఆదివారం మీ ఇద్దరినీ ఒక పందెం ముందు కూర్చోబెట్టడానికి అది ఒక్కటే చాలు.